జ్ఞాపకం సరే, అది ఏ ఏటిదో కూడా అచ్చువేయండి

సంపాదకుల వారికి నమస్కారం.

పుట్టి పెరిగిన నగరాన్ని వదిలి ఎప్పుడో పరాయి దేశాలకు వెళ్లినవాళ్లు రాసే చిన్ననాటి జ్ఞాపకాలకు మీ ఆదివారం పేజీల్లో చోటిస్తున్నందుకు సంతోషం. అయితే వాటిలో చాలావాటికి ఒక లోపం ఉంది. ఊరి పేరు తీసేసి ఇంకో ఊరి పేరు పెట్టినా ఎవరూ కనిపెట్టలేరు. చెట్ల నీడన రోడ్లు, పేరు పెట్టి పిలిచే ఇరుగుపొరుగు, గడియ పెట్టని తలుపులు, చివర్లో ఆ రోజులు మళ్లీ రావన్న నిట్టూర్పు. రాసినవాళ్లను తప్పుపట్టి లాభం లేదు. వాళ్ల దగ్గర సరుకుంది, సరిగా అడిగినవాళ్లే లేరు. ఇలాంటి జ్ఞాపకాలను రికార్డు చేసి, పటం మీద గుర్తించి, భద్రపరిచే పనిలో ఉన్నవాళ్లం కాబట్టి ఎలా అడిగితే ఏం వస్తుందో, పని ఎక్కడ చెడుతుందో కాస్త వివరంగా రాస్తున్నాం. నిడివి ఎక్కువైతే కత్తిరించుకోండి. ఒక్క కోరిక మాత్రం ఉంచండి. ప్రతి జ్ఞాపకం కింద రాసినవారు పుట్టిన ఏడాది, ఏ పేటలో ఎప్పటినుంచి ఎప్పటిదాకా ఉన్నారో, నగరం వదిలిన ఏడాది తప్పకుండా అచ్చువేయండి.

ఈ మూడింట్లో చివరిదే అన్నిటికన్నా ముఖ్యం. ఊళ్లోనే ఉండిపోయినవాళ్లకు మార్పులన్నీ ఒకదానిమీద ఒకటి పేరుకుపోతాయి. ఫలానా రోడ్డు పక్క చెట్లు ఎప్పుడు కొట్టేశారని అడగండి, 'చాలా ఏళ్లయింది' అంటారు. రోజూ చూసేదాంట్లో మార్పు తేదీతో సహా గుర్తుండదు. వెళ్లిపోయినవాళ్లకు ఆ ఇబ్బంది లేదు. ప్రయాణమైన రోజున వాళ్ల నగరం ఆగిపోయింది. 1968లో వెళ్లినాయన రోడ్డుకు రెండువైపులా చెట్లున్నాయంటాడు. 1981లో వెళ్లినావిడ తనకు ఊహ తెలిసినప్పటినుంచీ ఆ రోడ్డు బోడిగానే ఉందంటుంది. ఇద్దరూ వాదించుకుంటారు. ఆమె పుట్టింది 1962లో అయితే ఇక వాదన అక్కర్లేదు. ఆమెకు దారులు గుర్తుండే వయసు వచ్చేసరికి 1970 దాటి ఉంటుంది. అంటే ఆయన వెళ్లిన కొద్ది కాలానికే చెట్లు పోయాయి. ఇప్పుడు ఆ రెండు మూడేళ్ల పాత పేపర్లు తిరగేస్తే చాలు. ఏడాదులు లేకుండా వేస్తే ఇదే సమాచారం ఇద్దరు ముసలివాళ్ల తగాదాగా మిగులుతుంది.

మధ్యలో సెలవులకు వచ్చి వెళ్లిన ఏళ్లు కూడా అడిగి రాసుకోవాలి. ప్రతి రాకా ఇంకో గీటు గీసినట్టే. కాకపోతే వచ్చి చూసినవాళ్లకు కొత్తది పాతదానిలో కలిసిపోయే ప్రమాదం ఉంది. వెళ్లాక ఒక్కసారీ తిరిగిరానివాళ్ల మాట ఈ ఒక్క విషయంలో ఎక్కువ పనికొస్తుంది.

వయసు సంగతి. మూడున్నరేళ్లలోపు జరిగినవి దాదాపు ఎవరికీ నేరుగా గుర్తుండవు. ఉన్నాయంటే ఇంట్లోవాళ్లు చెప్పగా విన్నవో, ఆల్బంలో చూసినవో అయివుంటాయి. అవి పనికిరావని కాదు, పక్కన 'విన్నది' అని రాస్తే సరిపోతుంది. పదేళ్ల నుంచి ముప్ఫై ఏళ్ల మధ్యవి మనిషికి అన్నిటికన్నా గట్టిగా నిలుస్తాయని జ్ఞాపకశక్తిపై పరిశోధించేవాళ్లు చాలాకాలంగా చెబుతున్నదే. అందుకని ఆరేళ్లకు ఊరు వదిలినవారిని, పదహారేళ్లకు వదిలినవారిని ఒకే ప్రశ్నలు అడగకూడదు. ఆరేళ్లవారికి ఇల్లు, వాకిలి, మెట్లు, చప్పుళ్లు, ఒక వీధి. అంతే. పదహారేళ్లవారికి బస్సులు, సినిమా హాళ్లు, అడ్డదారులు, ఎవరెవరు ఎక్కడ పోగయ్యేవారో తెలుస్తాయి.

అడగడంలో వరస చాలా ముఖ్యం. అందరూ చేసే పని, ముందే పాత ఫొటో తీసి చూపించడం. చూపించారంటే ఆ మనిషి ఇక ఆ ఫొటోనే వర్ణిస్తారు. ఫొటోలో లేనిది వెనక్కి పోతుంది. ముందు ఏమీ చూపించకుండా చెప్పనివ్వాలి, మధ్యలో అడ్డు తగలకూడదు. తర్వాత పటం గీయించాలి. ఆ తర్వాత వాళ్ల సొంత ఫొటోలు, ఉత్తరాలు. పాత ముద్రిత పటమూ, ఉపగ్రహ చిత్రమూ అన్నిటికన్నా చివర. వెళ్లినవాళ్లు ఎక్కడో ఉంటారు కాబట్టి ఈ మాటలు చాలావరకు వీడియో కాల్‌లోనే జరుగుతాయి. అక్కడ ఉపగ్రహ పటం ఒక్క నొక్కుతో తెరుచుకుంటుంది. తెరవద్దని ముందే చెప్పకపోతే మీరు మాట్లాడుతుండగానే అవతల తెరిచేసి, 'ఇదిగో, ఇక్కడే' అంటారు. ఇక వాళ్లు చెప్పేది ఇవాళ్టి నగరం.

ఏడాదుల విషయంలో మనసు ఒకే రకంగా మోసం చేస్తుంది. పాత సంఘటనలు జరిగినదానికన్నా దగ్గరగా జరిగినట్టు అనిపిస్తాయి. 'ఏ సంవత్సరం?' అని నేరుగా అడిగితే ఏదో ఒక గుండ్రటి అంకె వస్తుంది. దాన్ని నమ్మి రాసుకుంటే తర్వాత అంతా చిక్కే. 'అప్పుడు మీరు ఏ తరగతి? టీచరెవరు? చెల్లెలు పుట్టిందా? ఇంట్లో కరెంటుందా, లాంతరా? ఏ ఇంట్లో ఉన్నారు?' అని అడగాలి. 1961లో పుట్టి ఐదేళ్లకు ఒకటో తరగతిలో చేరినవారికి నాలుగో తరగతి 1969-70. ఒక తరగతి రెండుసార్లు చదివారా, మధ్యలో బడి మారారా అని ఒక మాట అడిగి ఒక ఏడాది అటూ ఇటూ సర్దుకోవచ్చు. బడి రిజిస్టరులో ఉన్న పుట్టినతేదీ, అసలు తేదీ ఒకటేనా అన్నది కూడా అప్పుడే అడిగేయాలి. దీన్ని ఊరంతటికీ తెలిసిన సంగతులతో సరిచూడాలి. పెద్ద వరద, వంతెన ప్రారంభం, ఎన్నికలు, బస్సు రూటు మారడం, సినిమా హాలు కాలిపోవడం. వీటి తేదీలు పాత పేపర్లలో దొరుకుతాయి. అన్నీ చూశాక కూడా 1969 అని ఖాయంగా రాయకండి, 1968-70 మధ్య అని రాయండి. ఇరుకైన తప్పు తేదీకన్నా వెడల్పైన సరైన తేదీ నయం.

ఇక పటం. మా దృష్టిలో గంటసేపు మాటలకన్నా ఒక చేతిపటం విలువ ఎక్కువ. ఏ3 సైజు తెల్ల కాగితం, పెన్సిలు చాలు. రబ్బరు ఇవ్వకూడదు, ఎందుకంటే కొట్టేసి మళ్లీ గీసిన గీతే ఎక్కడ అనుమానం ఉందో చెబుతుంది. 'మీ ఊరి పటం గీయండి' అంటే చెయ్యి ఆడదు. 'మీ గుమ్మంలోంచి బయటికొచ్చి బడికి వెళ్లండి' అనాలి. గీస్తున్నప్పుడు ఏది ముందు గీశారో ఏది తర్వాతో పక్కన అంకెలు వేసుకోవాలి. ముందు గీసినవే రోజూ వాళ్లకు దారి చూపినవి. చివర్లో ఖాళీ నింపడానికి పెట్టినవి అంత గట్టివి కావు. ప్రతి పది నిమిషాలకూ కాగితాన్ని ఫోన్‌తో ఒక ఫొటో తీసి ఉంచితే వరస పోదు. వీడియో కాల్‌లో అయితే వాళ్ల ఫోన్‌ను పుస్తకాల దొంతర మీద కాగితంవైపు వంచి పెట్టించాలి.

గీసిన పటం అసలు పటంతో సరిపోదు. సరిపోకపోవడం కూడా ఒక లెక్క ప్రకారమే జరుగుతుంది. మనుషులు వంకర కూడళ్లను లంబకోణాలుగా సరిచేసి గుర్తుంచుకుంటారు. మలుపులు ఎక్కువున్న దారి, అంతే పొడవున్న తిన్నని దారికన్నా ఎక్కువ దూరం అనిపిస్తుంది. స్టాన్లీ మిల్‌గ్రామ్, డెనిస్ జోడలే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1970లలో పారిస్ వాసులచేత వాళ్ల నగరం గీయించినప్పుడు చాలామంది సెన్ నదిని అసలున్న వంపుకన్నా బాగా తక్కువ వంపుతో గీశారు. కాబట్టి పటంలో కోణాలు, దూరాలు నమ్మకండి. నమ్మదగ్గది వరస. ఏ ఇల్లు తర్వాత ఏ ఇల్లు, కుళాయికి ఇవతల ఏముంది, మలుపు తిరిగాక మొదట ఏది కనబడుతుంది, ఎడమవైపా కుడివైపా. ఒక వీధిలో ఎడమవైపు ఏడు గుమ్మాలను వరసగా చెప్పగలిగినవారు వాటిలో ఒకదాన్ని వదిలేయొచ్చుగానీ రెండింటిని తారుమారు చేయడం తక్కువ. కుడి ఎడమలు తేడా వస్తే ఒకటి చూడాలి. వెళ్లేటప్పటి దారి చెబుతున్నారా, వచ్చేటప్పటిదా? సగం తగువులు అక్కడే తీరిపోతాయి. ఒకసారి వెళ్లేదారి, మళ్లీ వచ్చేదారి విడివిడిగా చెప్పిస్తే, మొదటిసారి మరిచినవి రెండోసారి బయటపడతాయి.

దూరం గజాల్లో అడగొద్దు. 'ఎన్ని కరెంటు స్తంభాలు?', 'అమ్మ కేకేస్తే వినబడేదా?', 'గంట కొట్టాక పరుగెత్తితే లోపలికి పోగలిగేవారా?' అని అడగాలి. పెద్ద మైదానం, ఎత్తైన గోడ అన్నచోట ఆ వయసు పిల్లల కంటి ఎత్తు గుర్తుంచుకోవాలి. ఆరేళ్ల పిల్లలు సుమారు 115 సెంటీమీటర్లుంటారు. కళ్లు ఇంకా కిందే. నాలుగున్నర అడుగుల పిట్టగోడ వాళ్లకు కోటగోడ. తిరిగొచ్చి చూసినవాళ్లందరూ 'ఇంత చిన్నదా!' అనేది ఇందుకే, నగరం కుంచించుకుపోయి కాదు.

పేర్ల విషయంలో పెద్దరికం పనికిరాదు. రోడ్డుకు ఇప్పుడున్న అధికారిక పేరు చెప్పి సరిదిద్దారంటే వాళ్లు నోరు మూసుకుంటారు, మనకు పోయేది పాత పేరు. నోటికి ఎలా వస్తే అలాగే, పలికినట్టే రాసుకోవాలి. తర్వాత పక్కన నేటి పేరు చేర్చుకోవచ్చు. ఒకే చోటుకు పిల్లలు పెట్టుకున్న పేరొకటి, పెద్దల పేరొకటి, బస్సు కండక్టరు కేకేసే పేరొకటి ఉండటం మామూలే. మూడూ కావాలి.

ఫొటోల్లో మనుషులను వదిలి వెనక ఉన్నది చూడటం నేర్చుకోవాలి. పుట్టినరోజు ఫొటోలో పిల్లవాడి ముఖం కుటుంబానికి. మనకు కావలసింది వాడి భుజం మీదుగా కనబడే వీధి. అక్కడ సగం సినిమా పోస్టరు, బస్సు నంబరు, వాహనం నంబరుప్లేటు, స్తంభానికి ఎన్ని తీగలున్నాయన్నది ఏడాదిని పట్టిస్తాయి. అక్షరాలు అద్దంలోలా తిరగబడి ఉంటే నెగెటివ్‌ను తిరగేసి కడిగారన్నమాట, అప్పుడు కుడి ఎడమలన్నీ మార్చుకోవాలి. ఫొటో తీసినవారు ఎక్కడ నిలబడ్డారు, వాళ్ల వెనక ఏముంది అని అడిగితే ఫొటోలో లేని సగం వీధి వస్తుంది. స్కాన్ విషయం క్లుప్తంగా: ప్రింటుకు 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) చాలు, 4×6 అంగుళాల ఫొటో 2400×3600 పిక్సెళ్లు వస్తుంది. వెనకవైపు కూడా స్కాన్ చేయాలి. జిగురు పేజీల ఆల్బంలో అతుక్కుపోయినవాటిని పీకితే చిరుగుతాయి, పేజీతో సహా అలాగే స్కాన్ చేయండి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే సైజు తగ్గిపోయి, తీసిన తేదీ వంటి లోపలి వివరాలు ఎగిరిపోతాయి. డాక్యుమెంటుగా పంపమనండి.

ఫొటోలకన్నా ఎవరూ పట్టించుకోనివి ఉత్తరాలు. వెళ్లినవారు రాసినవి కావు, ఇంటినుంచి వాళ్లకు వెళ్లినవి. వాటిలో బెంగ తక్కువ, వార్తలు ఎక్కువ. వీధి తవ్వారని, కుళాయి రెండు రోజులకోసారే వస్తోందని, మూలింటివాళ్లు మేడ వేస్తున్నారని ఉంటుంది. పైన తేదీ, కవరు మీద పోస్టు ముద్ర. అందుకే కవరు పారేయకూడదు. వెళ్లినవారి జ్ఞాపకం ఆగినచోటునుంచి ఊరి కథ ఈ ఉత్తరాల్లోనే నడుస్తుంది. అవి ఎక్కడో అటకమీద పెట్టెలో, ఆ లిపి చదవలేని మనవల చేతిలో ఉంటాయి. వెళ్లినవారిని పలకరించడానికి తొందరపడాలనడానికి ఇదొక్కటి చాలు.

ఇప్పుడు తీపి సంగతి. ఇంటిమీద బెంగను 1688లో యోహానెస్ హోఫర్ బాసెల్‌లో వైద్య సిద్ధాంత వ్యాసంగా రాస్తూ జబ్బుగానే లెక్కగట్టాడు. కొన్నేళ్ల తర్వాత షాయ్‌క్సర్ అనే స్విస్ పండితుడు, కొండలమీద పెరిగినవాళ్లు పల్లానికి దిగితే గాలి ఒత్తిడి పెరగడంవల్లే ఈ బెంగ పుడుతుందన్నాడు. ఇప్పుడు నవ్వొస్తుందిగానీ, బెంగ జ్ఞాపకాన్ని వంచుతుందన్నది మాత్రం నిజం. చేదు అనుభవాల్లోని చేదు, తీపిలోని తీపికన్నా త్వరగా విరిగిపోతుంది. అందుకే చేదును అడిగి రాబట్టాలి. 'అందరం ఒకే కుటుంబంలా ఉండేవాళ్లం' అనే వాక్యం వచ్చిందంటే అక్కడ ఆగండి. అందరూ అంటే ఎవరు? మరుగుదొడ్లు శుభ్రం చేసేవారు ఎక్కడినుంచి వచ్చేవారు, ఏ తలుపునుంచి? ఏ వీధిలోకి వెళ్లొద్దని ఇంట్లో చెప్పేవారు? ఆడపిల్లలు ఎన్ని గంటలకల్లా ఇల్లు చేరాలి? వానొస్తే మురుగు ఎవరి గడపలోకి వచ్చేది? దోమలు, నీళ్ల వరసలో తగువులు, అద్దె పెంచినప్పుడు ఇల్లు మారడం. ఇవి అడిగితే కొందరు ముఖం చిట్లిస్తారు. కానీ జవాబులో ఊరు మొదటిసారి కనబడుతుంది. ఒకే వీధినుంచి పిట్టగోడ ఇటువైపు పెరిగినవారిని, అటువైపు పెరిగినవారిని విడివిడిగా అడిగి పక్కపక్కనే వేస్తే ఇంకా మంచిది.

విడివిడిగా అన్నది ఊరికే అనలేదు. వాట్సాప్ గ్రూపులో ఒకరు 'ఆ గడియారం పచ్చరంగు' అంటే, గంటలో పదిమందికి పచ్చగానే గుర్తొస్తుంది. పదిమంది సాక్ష్యం కాదది, ఒకరిది. ముందు ఒక్కొక్కరినీ అడిగి రికార్డు చేశాకే గ్రూపులో కలపాలి. కలిపాక వాదనలో కొత్త సంగతులు చాలా వస్తాయి, వాటికి వేరే గుర్తు పెట్టుకోవాలి.

రికార్డింగుకు ఖరీదైన సామాను అక్కర్లేదు. ఫోన్‌ను నోటికి జానెడు నుంచి మూరెడు లోపు, మెత్తటి గుడ్డ మీద పెట్టాలి. ఫ్యాను ఆపాలి, ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో ఉంచాలి. రికార్డింగు యాప్ సెట్టింగుల్లో 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, వేవ్ (కుదించని) ఫైలు, మోనో (ఒకే ఛానల్) పెట్టుకుంటే గంటకు సుమారు 520 ఎంబీ. దూరం నుంచి మాట్లాడేటప్పుడు కాల్‌ను రికార్డు చేస్తే మాటలు అరిగిపోయి వస్తాయి. వాళ్ల గదిలో ఇంకో ఫోన్ పెట్టి అక్కడే రికార్డు చేయించి ఫైలు తెప్పించుకోవాలి. మొదట్లో తేదీ, ఇద్దరి పేర్లు, చోటు గొంతుతో చెప్పాలి. గంటన్నర దాటనివ్వొద్దు, పెద్దవాళ్లు అలిసిపోయాక ఏదడిగినా అవునంటారు. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, వాటిలో ఒకటి వేరే ఊళ్లో. ఒక్కరి క్లౌడ్ ఖాతాలోనే ఉంటే ఆ మనిషితోపాటే అది పోతుంది.

ఇదంతా ఎవరికోసమని మీ పాఠకులు అడగొచ్చు. రెండో ప్రపంచయుద్ధంలో తుడిచిపెట్టుకుపోయిన తూర్పు యూరప్ ఊళ్లనుంచి బతికి బయటపడ్డ యూదులూ, అంతకుముందే వలసపోయినవాళ్లూ కలిసి యిద్దిష్, హీబ్రూ భాషల్లో వందలకొద్దీ స్మారక గ్రంథాలు వేసుకున్నారు. చేతిపటాలు, కుటుంబాల జాబితాలతో సహా. వాటిలో తప్పులున్నాయి, ఒకరినొకరు ఖండించుకున్నవీ ఉన్నాయి. అయినా కొన్ని ఊళ్ల గురించి చరిత్రకారుల చేతిలో అంతకన్నా వివరమైనది ఇంకొకటి లేదు. మరోవైపు పోలండ్ రాజధాని వార్సా పాతబస్తీని యుద్ధం తర్వాత తిరిగి కట్టినప్పుడు 18వ శతాబ్దంలో బెల్లొట్టో వేసిన చిత్రాలను ఆధారం చేసుకున్నారు. ఆ చిత్రకారుడు అక్కడక్కడ సొంతంగా అందం దిద్దాడు. యుద్ధానికి ముందు వాస్తువిద్య విద్యార్థులు కొలిచి గీసిన నమూనాలు లేకపోతే చాలా చిక్కయ్యేది. అందంగా రాసినదీ కావాలి, కొలిచి రాసినదీ కావాలి. మీ పేజీలో ఇప్పుడు మొదటిదే వస్తోంది.

రెండు జాగ్రత్తలు. బతికున్న ఇరుగుపొరుగు పేర్లు, ఇంటి తగాదాలు, ఎవరి స్థలం ఎవరిదన్న మాటలు అచ్చులోకి వెళ్లకూడదు. రికార్డులో ఉంచి, ఎప్పుడు బయటపెట్టవచ్చో చెప్పినవారి చేత సంతకం చేయించుకోవాలి. యజమాని విదేశంలో ఉండి తాళం వేసి ఉన్న ఇంటి నంబరు, ఫొటో ఎట్టి పరిస్థితిలోనూ వేయొద్దు. దొంగలూ పేపరు చదువుతారు.

మీవైపు నుంచి కావలసింది ఎక్కువ లేదు. వ్యాసం కింద పైన చెప్పిన మూడు వివరాలు రెండు లైన్లలో వేయండి. చేతిపటం పంపితే దాన్ని కొత్తగా గీయించకుండా పెన్సిలు గీతలతోనే అచ్చువేయండి. ఇప్పుడు ఆ పేటలో ఉంటున్నవాళ్లు జవాబు రాస్తే తర్వాతి వారం అదే పేజీలో ఇవ్వండి. మీరు కత్తిరించిన భాగాలతో సహా అసలు రాతప్రతిని పారేయకుండా నగర గ్రంథాలయానికి అందేలా చూడండి. ఉపసంపాదకులు సాధారణంగా కొట్టేసేవి 'కుళాయి పక్కన సందు, సందులో మూడో ఇల్లు' లాంటి వాక్యాలే. మాకు కావలసినవీ అవే.

భవదీయులు,
వలస జ్ఞాపకాల సేకరణలో పనిచేస్తున్న కొందరు పాఠకులు